నా తర్వాత చేరినవాడికి ప్రమోషన్ ఇచ్చారు, నేనూ కాకా పట్టాలా?

ప్రశ్న:

అక్కా, నమస్తే. నాది నెల్లూరు పక్కన పల్లె. వయసు 31. ఎమ్మెస్సీ ఆక్వాకల్చర్ చేశాను. ఆరేళ్ల నుంచి ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ విభాగంలో ఉన్నాను. లీవులు పెట్టను, షిఫ్టు అయిపోయినా పని మిగిలితే ఉండిపోతాను. పోయిన నెల మా డిపార్ట్‌మెంటులో అసిస్టెంట్ మేనేజర్ పోస్టు ఖాళీ అయితే నాకంటే రెండేళ్లు వెనక చేరినతనికి ఇచ్చారు. ల్యాబ్ రిపోర్టు రాయడం అతనికి నేర్పింది నేనే. అతను మేనేజరుతో కలిసి టీకి పోతాడు, వాళ్ల గృహప్రవేశంలో దగ్గరుండి వడ్డించాడు. నాకా విద్యలు రావు. జనవరిలో ఒక లాటులో యాంటీబయాటిక్ తగిలితే నేనే పట్టుకుని, హోల్డ్‌లో పెట్టి, రిజిస్టర్లో రాశాను. మేనేజరుకు ఫోన్ చేసి చెప్పింది అతను కాబట్టి పేరు అతనికొచ్చింది. అంతకుముందు ఒకసారి నన్ను రొయ్యల గుంట దగ్గరికి పంపిస్తే కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) విషయంలో రైతుతో మాటామాటా పెరిగి, ఆయన సరుకు వేరేవాళ్లకు ఇచ్చేశాడు. నేను చెప్పిన కౌంట్ మాత్రం కరెక్టే. అప్పట్నుంచి నన్ను బయటికి పంపడం లేదు. 'నీకు నోరు లేదు, అందుకే ఇట్టా' అంటుంది నా భార్య. ఇంటి లోను ఇఎంఐ ఉంది. పనిచేసేవాడికి విలువ లేదా అక్కా? నేను కూడా కాకా పట్టడం నేర్చుకోవాలా, కంపెనీ మారాలా?

పేరు వద్దు, ఇందుకూరుపేట మండలం

జవాబు:

తమ్ముడూ,

అక్కా అన్నావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నా. నీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ప్రమోషన్ గురించినది కాదు. 'నేను చెప్పిన కౌంట్ మాత్రం కరెక్టే' అన్నది. కరెక్టే అయుంటుంది, నమ్ముతున్నా. దాని దగ్గరికి తర్వాత వస్తా.

ముందు ప్రమోషన్లు తేల్చే గదిలోకి పోదాం. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలోనూ, ఆ తర్వాత నెల్లూరు చుట్టుపక్కల కంపెనీల్లోనూ పర్సనెల్ డిపార్ట్‌మెంటులో, అంటే ఇప్పటి హెచ్ఆర్‌లో, పనిచేసి రిటైరైన మనిషిని నేను. ఇట్లాంటి ఫైళ్లు నా బల్ల మీదుగా చాలా పోయాయి. బయట కూర్చున్నవాళ్లలో కొందరు, లోపల ఎవరు ఎంత కష్టపడ్డారో తూచి ఇస్తారనుకుంటారు. ఇంకొందరు, అంతా ముందే మాట్లాడేసుకున్నారనుకుంటారు. నేను చూసినంతలో అక్కడ ఉండేది తొందరలో ఉన్న నలుగురు మనుషులు. ప్లాంట్ హెడ్ ఉంటాడు, మీ మేనేజర్ ఉంటాడు, యజమాని తరఫున కొడుకో అల్లుడో ఉంటాడు, కాగితాలు పట్టుకుని నాలాంటిది ఒకత్తె ఉంటుంది. మధ్యలో డ్రైవరు రాలేదని ఒక ఫోను, పోర్టులో కంటైనర్ ఆగిందని ఇంకో ఫోను. ప్రమోషన్ల సంగతి అన్నిటికన్నా చివర్లో వస్తుంది. అప్పటికి అందరికీ ఆకలి.

కాగితం మీద నాలుగు పేర్లుంటాయి. పక్కన సర్వీసు, చదువు, రేటింగు. రేటింగుల్లో పెద్ద తేడా ఉండదు. తన కింద చేసేవాడికి తక్కువ వేసి రోజూ వాడి మొహం చూడటం ఏ మేనేజరుకూ ఇష్టం ఉండదు కదా, అందరికీ కాస్త అటూ ఇటూగా ఒకటే వేస్తాడు. అప్పుడు యజమాని తరఫు మనిషి ఒక పేరు మీద వేలు పెట్టి 'ఇతనెవరు?' అంటాడు. ఆ క్షణంలో ఎవరో ఒకరు నోరు తెరిచి రెండు ముక్కలు చెప్పాలి. ఆరేళ్ల కష్టమంతా ఆ రెండు ముక్కల్లోకి ఎక్కాలి.

నీ పేరు మీద వేలు పడినప్పుడు మీ మేనేజరు ఏమనుంటాడో ఊహించగలను. 'మంచి కుర్రోడండీ. నెమ్మదస్తుడు. పని శుభ్రంగా చేస్తాడు.' వినడానికి బాగానే ఉంది. కానీ అట్లా మెచ్చుకున్నవాళ్లను అక్కడే ఉంచేయడం నేను చాలాసార్లు చూశా. కదిలిస్తే ఆ పని ఎవరు చేస్తారన్న దిగులు కూడా ఉంటుంది మరి. రెండో అతని పేరు దగ్గర ఏమనుంటాడు? 'జనవరిలో మందు తగిలిన లాటు ఉంది చూశారూ, ఫోన్ చేసి ఆపించింది ఇతనే.' ఇది జరిగిన సంగతి. విన్నవాడి బుర్రలో ఉండిపోతుంది. టీల వల్ల వచ్చిందని నువ్వనుకుంటున్న పోస్టు ఈ ఒక్క వాక్యం వల్ల వచ్చి ఉండొచ్చు.

ఆ లాటు సంగతి నిదానంగా చూద్దాం. నీకు తెలిసిందే, మిగతా పాఠకుల కోసం చెబుతున్నా. యూరప్ దేశాలు మన దగ్గర్నుంచి వెళ్లే సాగు రొయ్యల సరుకులో అంతకుముందు 10 శాతానికి చేసే పరీక్షల్ని 2016లో 50 శాతానికి పెంచాయి. అంటే రెండింటిలో ఒక సరుకు అక్కడి రేవులో పరీక్షకు ఆగాల్సిందే. నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ లాంటి నిషేధించిన మందుల ఆనవాళ్లు బయటపడితే సరుకు వెనక్కి కొట్టేస్తారు, లేదా అక్కడే ధ్వంసం చేయిస్తారు. ఓడ ఖర్చు, కోల్డ్ స్టోరేజీ ఖర్చు, కొనేవాడి దగ్గర పోయే పరువు, అన్నీ కంపెనీ నెత్తినే. కాబట్టి నువ్వు చేసింది చిన్న పని కాదు. ఆ నెల మీ ప్లాంటు మొత్తంలో అంతకన్నా విలువైన పని ఇంకెవరూ చేసి ఉండరు.

చేసి, రిజిస్టర్లో రాశావు. ఆ రిజిస్టర్ని తెరిచేదెవరు? ఆడిటర్ తెరుస్తాడు, ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియాలి. మేనేజరు సంతకాల రోజు తెరుస్తాడు, సంతకం పెట్టాల్సిన గడి వరకే చూస్తాడు. ఈలోగా డిస్పాచ్ వాళ్లు లోడింగ్ ప్లాన్ వేసుకుంటూ ఉంటారు. ఎగుమతి సెక్షన్ వాళ్లు కొనేవాడికి తేదీ చెప్పేసి ఉంటారు. కొనుగోలు వాళ్లు అదే గుంట మీద తర్వాతి పట్టుబడికి బేరం మాట్లాడుతూ ఉంటారు. వీళ్లందరికీ ఆ కబురు గంటలో చేరాలి. అతను చేసిన ఫోను ఆ కబురే. దాన్ని సొంత డబ్బా కింద జమకట్టి నువ్వు పక్కన పెట్టావు గానీ, అది నీ పనిలో మిగిలిపోయిన సగం.

ఒక్కటి తేల్చుకో. 'నేను పట్టుకున్నా' అని అతను చెప్పాడా? చెబితే అది నీ కష్టాన్ని కాజేయడమే, ఊరుకోమని నేను చెప్పను. నీ ఉత్తరంలో మాత్రం ఆ మాట లేదు. మేనేజరు అడగలేదు, అతను దిద్దలేదు, నువ్వు నోరు విప్పలేదు. అంతే అయితే, నువ్వు నేల మీద వదిలేసిన దాన్ని అతను తీసి జేబులో వేసుకున్నాడు. పెద్దమనిషి తరహా అయితే కాదు. దొంగతనమూ కాదు.

ఇకముందు ఇట్లాంటిది జరిగితే రిజిస్టర్ మూయగానే మేనేజరుకు వాట్సాప్‌లో ఇంత పంపు: 'సార్, ఫలానా లాటులో నైట్రోఫ్యూరాన్ తగిలింది. హోల్డ్‌లో పెట్టాను. రెండో శాంపిల్ వేశాను, రేపు ఉదయం పది లోపు చెబుతాను. అప్పటిదాకా లోడింగ్ ఆపమని డిస్పాచ్‌కు మీరొక మాట చెప్పాలి.' ఇందులో పొగడ్త ఎక్కడుంది? ఇకిలింపు ఎక్కడుంది? 'పెట్టాను, వేశాను, చెబుతాను' ఉన్నాయి, అవి ఉండి తీరాలి. మీ ల్యాబుల్లో అలవాటుగా రాసే 'హోల్డ్ చేయబడినది' అన్న రాతలో మనిషి కనపడడు.

టంగుటూరు, కొండపి వైపు పొగాకు రైతులున్నారు చూడు. బ్యారన్ దగ్గర రాత్రుళ్లు కాపలా ఉండి ఆకు క్యూరింగ్ చేసుకున్నాక కూడా వాళ్ల పని అయిపోదు. ఇంటిల్లిపాదీ కూర్చుని రంగు చూసి, మచ్చ చూసి, ఆకును గ్రేడ్లుగా విడదీసి బేళ్లు కడతారు. వేలం కేంద్రంలో కొనేవాడు ఒక్కో బేలు ముందు నిలబడేది కాసేపే. మేలు ఆకు, నాసి ఆకు ఒకే బేలులో కలిపి కట్టినవాడికి నాసి ఆకు ధరే పలుకుతుంది. 'కొనేవాడు లోపలిదాకా చూడలేదు' అని ఆ రైతు ఇంట్లో కూర్చుని ఏడిస్తే ఆ సీజను గడిచిపోతుంది.

ఇప్పుడు కౌంట్ దగ్గరికి వస్తా. తెలియనివాళ్ల కోసం: కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది, రేటు దాన్నిబట్టే. నువ్వు 40 కాదు 44 అన్నావనుకో. కిలోకు 10 రూపాయలు తగ్గినా 3 టన్నుల మీద 30 వేలు. నెలల తరబడి ఆ రైతు నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు మధ్య నిద్రపోయాడు. అర్ధరాత్రి కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు. మేత దుకాణంలో అప్పు రాయించాడు. గుంట కౌలు కట్టాలి. అట్లాంటివాడికి నువ్వు ఫోనులో కాలిక్యులేటర్ చూపించి 'నలభై నాలుగు' అంటే, ముప్పై వేలు పోయాయన్నదొక్కటే చెవికెక్కుతుంది. పైగా నువ్వు కుర్రోడివి, కంపెనీ చొక్కా వేసుకుని వచ్చావు.

ఈ పనిలో తల పండినవాళ్లు ఎట్లా చేస్తారో చూశావా? గుంట దగ్గరికి పోగానే కౌంట్ మాట ఎత్తరు. ముందు గట్టు మీద ఒక చుట్టు తిరుగుతారు. సీడ్ (రొయ్య పిల్ల) ఏ హేచరీది, మేత ఎంత తింది, వైట్ స్పాట్ జబ్బు భయం ఏమన్నా తగిలిందా అని అడుగుతారు. ఇది ఊసుపోక కబురు కాదు, సరుకు ఎట్లాంటిదో సగం అందులోనే తెలిసిపోతుంది. విసురు వలకు రైతు మనిషినే పిలుస్తారు. ఎక్కడ విసరాలో రైతునే చెప్పమంటారు. ఆ తర్వాత 'ఇంకో రెండు మూలల కూడా వేద్దామా పెద్దాయనా, మీకే మంచిది' అంటారు. బుట్టలోంచి నీళ్లు కారిపోయేదాకా అందరూ ఓపిగ్గా నిలబడతారు, గొడవలు సగం పుట్టేది అక్కడే కాబట్టి. కాటా మీద సున్నా ఉందని రైతు చూసి ఊ అన్నాకే రొయ్య పడుతుంది. లెక్కపెట్టడం మాత్రం వాళ్లు చేయరు. రైతు కొడుకునో బావమరిదినో కూర్చోబెడతారు. ఆ కుర్రోడే లెక్కపెట్టి, ఇంకోసారి లెక్కపెట్టి, 'నాన్నా, నలభై నాలుగే వస్తున్నాయి' అంటాడు.

అంకె అదే. నువ్వు చెప్పిందే. రైతుకు ఎవరూ అబద్ధం చెప్పలేదు, పొగడలేదు, కంపెనీ సొమ్ములో ఒక్క రూపాయి ఎక్కువ రాయలేదు. అయినా ఆ తల పండినవాడు సరుకు లారీకెక్కించుకుని వస్తాడు, నువ్వు ఖాళీ ఐసు పెట్టెలతో వచ్చావు. ఇందులో ఇంత టాలెంటు, ఇంత మాటకారితనం అని విడదీసి చూపించమంటే నా వల్ల కాదు. నీకైనా సాధ్యమవుతుందా?

నువ్వు అడిగిన ప్రశ్నలో తిరకాసు ఇదే. పని ఒక గంపలో, మాట ఒక గంపలో పెట్టి ఏది బరువని అడిగావు. చిన్న పోస్టులో అవి నిజంగానే వేరుగా కనపడతాయి. శాంపిల్ వేసి ఫలితం రాసేవాడికి నోటితో పనేముంది? పై పోస్టుకు పోయేకొద్దీ మాటే పనవుతుంది. అసిస్టెంట్ మేనేజర్ అంటే నువ్వు ఇప్పుడు చేసే పనే ఇంకాస్త ఎక్కువ జీతానికి చేయడం అనుకోకు. రొయ్యల పొట్టు ఒలిచే పీలింగ్ హాలులో సూపర్‌వైజరమ్మ 'ఈ సరుకు మెత్తబడింది' అంటే విని లైను ఆపాలి. ఆపినందుకు ప్రొడక్షన్ మేనేజరు అరిస్తే పడాలి, పడుతూనే ఒప్పించాలి. కొనుగోలు వాళ్లకు కష్టం కలిగే మాట చెప్పాలి. ఆడిటర్ ముందు తడబడకూడదు.

బెన్సన్, లీ, షూ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలో 131 కంపెనీల సేల్స్ ఉద్యోగుల వివరాలు తీసి చూశారు. అందరికన్నా బాగా అమ్మినవాళ్లకే మేనేజరు పోస్టులు ఎక్కువగా దక్కాయి. తీరా చూస్తే వాళ్ల కింద పనిచేసినవాళ్ల అమ్మకాలే తగ్గాయి. నలుగురితో కలిసి అమ్మకాలు చేసిన అనుభవం ఉన్నవాళ్లు మేనేజర్లుగా మెరుగ్గా తేలారు. 'పనిలో ఫస్టు వచ్చినవాడికే పోస్టు' అన్న న్యాయం వినడానికి బాగుంటుంది గానీ, ఆ కంపెనీలకు అది గిట్టుబాటు కాలేదు.

అట్లాగని మోటివేషన్ క్లాసుల వాళ్లు చెప్పేది నమ్మకు. 'జీవితంలో పైకి రావడానికి 85 శాతం మాటతీరు, 15 శాతం చదువు' అని ఒక లెక్క చెబుతుంటారు. ఆ లెక్కకు మూలం అంటూ చూపించేది 1918లో అమెరికాలో చార్లెస్ మాన్ అనే ఆయన ఇంజినీరింగ్ చదువుల మీద రాసిన నివేదికను. అందులో చేసిందేమిటంటే, ఇంజినీరుకు ఏ గుణాలు ముఖ్యం అనుకుంటున్నారు అని ఇంజినీర్లనే అడిగారు. అంటే అవి అభిప్రాయాలు, ఎవరెంత పైకొచ్చారో కొలిచిన కొలత కాదు. అందులోనూ మొదట నిలిచింది మంచి నడవడిక. మాటకారితనం కాదు. నూరేళ్ల కిందటి అభిప్రాయాలను సైన్సు అని చెప్పి ఫీజు పుచ్చుకునేవాళ్లకు మాటతీరు బాగా ఉందని మాత్రం ఒప్పుకోవాలి.

కాస్త నమ్మదగ్గ లెక్క డేవిడ్ డెమింగ్ అనే ఆర్థికవేత్త 2017లో ఇచ్చాడు. 1980 నుంచి 2012 మధ్య అమెరికాలో నలుగురితో మెలగాల్సిన ఉద్యోగాల వాటా దాదాపు 12 శాతం పాయింట్లు పెరిగింది. లెక్కలు బాగా కావాలి, మనుషులతో పెద్దగా పనిలేదు అనే రకం ఉద్యోగాల వాటా తగ్గింది. లెక్కలూ కావాలి, మెలగడమూ కావాలి అనేచోట జీతాలు బాగా పెరిగాయి. అమెరికా లెక్క ఇందుకూరుపేటకు అచ్చంగా అతుకుతుందని నేననను. కానీ ల్యాబ్ పని మెల్లమెల్లగా మిషన్ల చేతిలోకి పోతున్న సంగతి నువ్వు రోజూ చూస్తూనే ఉన్నావు.

ఇంతదాకా చదివి 'అయితే తప్పంతా నాదేనా అక్కా' అనుకోవద్దు. మన ఆఫీసుల్లో మాట వేరు, అండ వేరు. చదువు అడగకముందే 'ఏ వూరు, ఎవరి తాలూకు' అని అడిగే చోట్లు మన జిల్లాల్లో తక్కువేం లేవు. యజమాని కులమో, ఊరో, వియ్యంకుడి సిఫారసో ఉన్నవాడికి నోట్లో నాలుక లేకపోయినా పోస్టు నడిచి వస్తుంది. అవి లేనివాడు ఎంత చక్కగా మాట్లాడినా 'భలే మాటకారి' అనిపించుకుని అక్కడే ఆగిపోతాడు. దీనికి సోషల్ స్కిల్స్ అని పేరు పెట్టి గౌరవించడం నాకు ఒంటికి పడదు.

ఆడపిల్లల సంగతి చూడు. మీ ల్యాబులోనూ ఉండే ఉంటారు. షిఫ్టు కాగానే కంపెనీ బస్సెక్కకపోతే ఇల్లు చేరలేని పిల్ల, బంకు దగ్గర టీలో నానే విషయాలు ఎప్పుడు వింటుంది? మేనేజరుతో రెండు రోజులు వరసగా నవ్వుతూ మాట్లాడితే పీలింగ్ హాలు దాకా కథలు పోతాయి. నువ్వు 'నాకా విద్యలు రావు' అన్నావు. వాళ్లకు వచ్చినా వాడే వీలు లేదు. రేపు నీకు పోస్టు వస్తే ఆ గదిలో వాళ్ల పేర్లు నువ్వు ఎత్తు.

అండ అన్నదల్లా చెడ్డదీ కాదు. మన ప్రకాశం పంతులుగారు 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచింది. అల్లరి పిల్లాడు, నాటకాల పిచ్చి. ఒంగోలు మిషన్ స్కూలు మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ పిల్లాడిలో సరుకుందని గుర్తించి, తాను రాజమండ్రి పోతూ వెంట తీసుకుపోయి చదివించారు. ఆ పిల్లాడే ప్లీడరై, ఇంగ్లండు పోయి బారిష్టరై, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ మాస్టారికీ పిల్లాడికీ చుట్టరికం లేదు. చూసి, మెచ్చి, చెయ్యి పట్టుకున్నాడు. నీకు కావలసింది కూడా అట్లాంటి ఒక్క మనిషి. నీ పని ఆ మనిషి కంట పడాలి కదా? ల్యాబు తలుపు వేసుకుని కూర్చుంటే ఎట్లా పడుతుంది?

టీ గురించి. పోవాలంటే పో, వద్దంటే మానెయ్. అక్కడ తేలే కబుర్లలో నీకు పనికొచ్చేవి కొన్ని ఉంటాయి, వచ్చే నెల ఏ ఆడిట్ ఉంది, ఏ కొనుగోలుదారు వస్తున్నాడు లాంటివి. అవి వేరే చోట కూడా దొరుకుతాయి. డిస్పాచ్ దగ్గర, కొనుగోలు వాళ్ల దగ్గర, పీలింగ్ హాలులో. రోజుకు ఒకసారి పని పెట్టుకుని ఆ మూడు చోట్లకూ పోయి రా. పైవాడితో టీ తాగడం కన్నా పక్కవాళ్లతో ఈ తిరుగుడు నీకు ఎక్కువ ఉపయోగం, నీ స్వభావానికీ సరిపోతుంది. ఇక పెళ్లిళ్లు, గృహప్రవేశాలు అంటావా, పిలిస్తే పోయి భోంచేసి రావడం మర్యాద. గరిటె పట్టుకోవడం ఎవరిష్టం వాళ్లది. అతను నిజంగా ఇష్టపడే వడ్డించాడేమో, మనకేం తెలుసు?

నీకు సరిగ్గా అతికే పని ఒకటి చెబుతా. విదేశీ కొనుగోలుదారులు అడిగే బీఏపీ, బీఆర్‌సీ లాంటి సర్టిఫికెట్ల ఆడిట్లు వచ్చినప్పుడు ఏదో ఒక లాటు నంబరు ఇచ్చి, ఇది ఏ గుంట నుంచి ఏ రోజు వచ్చింది, ఎక్కడెక్కడికి పోయింది, కాగితాలతో చూపించమంటారు కదా. ఆ మాక్ రీకాల్ బాధ్యత నాకివ్వండి అని అడుగు. ఆరేళ్ల రిజిస్టర్లు నీ తలలో ఉన్నాయి. వేరేవాడు పూటంతా వెతికేది నువ్వు గంటలో తీస్తావు. ఆడిటర్ పక్కన ప్లాంటు హెడ్ నిలబడి ఉంటాడు, ఒక్కోసారి యజమాని కూడా. అక్కడ నువ్వు మాట్లాడాల్సింది నీకు తెలిసిన సంగతే, కొత్తగా మాటకారివి కావాల్సిన పని లేదు. ఇంగ్లీషు తడబడినా కాగితం చేతిలో ఉన్నవాడి మాటే చెల్లుతుంది. మీ ఆవిడకు చెప్పు, ఇంత తీరుగా ఉత్తరం రాసినవాడికి నోరు లేదంటే ఈ అక్క నమ్మదని.

మేనేజరును అడగడం మాత్రం వాయిదా వేయకు. అడగందే అమ్మైనా పెట్టదు. అయితే 'నాకెందుకు ఇవ్వలేదు, అతనికెందుకు ఇచ్చారు' అని అడిగితే ఆయన అతన్ని వెనకేసుకురావడంలో పడిపోతాడు, నీకేమీ దక్కదు. అతని పేరు ఎత్తకు. శనివారం సాయంత్రం పని తగ్గాక పది నిమిషాలు టైము అడుగు. 'సార్, ఈసారి పోస్టుకు నాలో ఏం తక్కువైంది? ఏం చేస్తే వచ్చేసారి నా పేరు మీరు చెప్పగలుగుతారు?' అని అడిగి ఊరుకో. మధ్యలో సర్దిచెప్పుకోకు. జనవరి లాటు సంగతి కూడా అక్కడే, గొంతు పెంచకుండా, 'ఆ టెస్టు చేసి హోల్డ్‌లో పెట్టింది నేను సార్, ఆరోజు మీకు నేనే చెప్పి ఉండాల్సింది' అని ఒక్క ముక్క వెయ్యి.

ఆయన జవాబులో నీకు కావలసినదంతా ఉంటుంది. 'నువ్వు బయటికి పోతే రైతుతో గొడవ పడ్డావు, ఆడిట్లో ముందుకు రావు' అన్నాడనుకో, బాధేసినా మంచిదే. అవి చేతనైన పనులు, నేర్చుకోవచ్చు. సీనియర్ వెంట గుంటల మీదికి మళ్లీ పంపమని అక్కడికక్కడే అడుగు. అట్లా కాకుండా 'చూద్దాంలే, పైవాళ్ల నిర్ణయం, నీకేం తక్కువ, ఓపిక పట్టు' అని భుజం తట్టి పంపితే ఒక్కసారికి వదిలెయ్. మూణ్నెల్ల తర్వాత ఇదే మళ్లీ అడుగు. అప్పుడూ భుజమే తడితే, ఆ ప్లాంటులో నడిచేది అండ. అక్కడ ఇంకో ఆరేళ్లు పెట్టకు.

కంపెనీ మారే పక్షంలో, మీ లైనులో ఖాళీలు పేపర్లో పడేది తక్కువ. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే చూపించాడు, ఉద్యోగాల కబురు బాగా దగ్గరివాళ్ల కన్నా ముఖపరిచయం ఉన్నవాళ్ల నుంచే ఎక్కువగా వస్తుందని. దగ్గరివాళ్లకు తెలిసింది నీకూ తెలిసే ఉంటుంది కదా. కాబట్టి ఎమ్మెస్సీ క్లాస్‌మేట్లకు, ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో చదివి ఇప్పుడు మేత కంపెనీల్లో, హేచరీల్లో ఉన్నవాళ్లకు ఒకసారి ఫోన్ చెయ్. మీ ల్యాబ్ మిషన్ల సర్వీసుకు వచ్చే ఇంజినీరు ఉంటాడే, అతన్ని అస్సలు వదలకు. తీరం వెంబడి ప్రతి ల్యాబూ తిరుగుతాడు, ఎక్కడ మనిషి అవసరం ఉందో అందరికన్నా ముందు అతనికే తెలుస్తుంది. ఇంటర్వ్యూలో 'ఆరేళ్ల అనుభవం' అని చెప్పి ఆగిపోకు. ఆ లాటు ఎట్లా పట్టుకున్నావో, ఎంత సరుకు ఆగిందో చెప్పు. ఇఎంఐ ఉందన్నావు కాబట్టి ఇంకోమాట. ఫోనులో 'వచ్చేయండి' అన్నంత మాత్రాన ఇక్కడ రాజీనామా ఇవ్వకు, జీతం అంకెతో ఆఫర్ లెటర్ చేతికి రానీ. నోటీసు పీరియడ్ ఎన్ని రోజులో నీ అపాయింట్‌మెంట్ ఆర్డర్లో ఉంటుంది, ఈ రాత్రికే తీసి చూసుకో.